పంక్తి ఎక్కడ తెగాలి? తొలి వర్డ్ ప్రాసెసర్ల తిప్పలు

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు పాసై, ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నవారిని గమనించారా? తెరమీద పంక్తి చివరికి వస్తోందనగానే వారి వేలు దానంతట అదే ఎంటర్ మీటకు వెళ్లిపోయేది. నొక్కనక్కర్లేదు, పట్టని మాట తనే కిందికి దిగుతుందని ఎన్నిసార్లు చెప్పినా ఆ వేలు వినేది కాదు. పాపం, దాని తప్పేమీ లేదు. టైపు మిషనులో కుడి అంచు ఇంకా కొన్ని అక్షరాల దూరంలో ఉండగా ఒక గంట మోగుతుంది. అది వినగానే, కొడుతున్న మాట ఈ పంక్తిలో పడుతుందా, హైఫన్ పెట్టి విరవాలా అని రెప్పపాటులో తేల్చుకుని, లీవరు పట్టి క్యారేజిని వెనక్కి తోయాలి. పంక్తి ఎక్కడ తెగాలో నిర్ణయించేది మనిషి. ఏళ్ల తరబడి ఆ గంటకు అలవాటుపడిన వేలు అంత సులువుగా మారుతుందా!

1970ల చివర్లో ఈ నిర్ణయం మనిషి చేతిలోంచి ఇంట్లో పెట్టుకునే చిన్న కంప్యూటర్ చేతికి వెళ్లింది. ఇందులో విశేషమేముంది, పట్టని మాటను కిందికి దించడమే కదా అనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించింది. ఆనాటి యంత్రాల లోపలి లెక్కలు చూశాక అభిప్రాయం మార్చుకున్నాను. తొలి వర్డ్ ప్రాసెసర్ల చరిత్రను సాధారణంగా ఏ కంపెనీ ఏ కంపెనీని పడగొట్టిందన్న కుస్తీ పోటీలా చెబుతుంటారు. ఆ కుస్తీని పక్కనపెట్టి, పంక్తి ఎక్కడ తెగాలన్న ఈ చిన్న ప్రశ్న వెంట నడిస్తే ఆ సాఫ్ట్‌వేర్లు అంత వింతగా ఎందుకు ప్రవర్తించేవో తేటపడుతుంది.

మొదట ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. కంప్యూటర్ మెమరీలో పంక్తులు ఉండవు, పేజీలూ ఉండవు. ఉన్నదల్లా దారానికి గుచ్చిన పూసల్లా ఒకదాని వెనక ఒకటిగా అక్షరాల సంకేతాలు. చిన్న ఎ అంటే 97, ఖాళీ అంటే 32, అలా. మనం రాసిన వ్యాసమంతా ఒకే పొడవాటి దండ. ఆ దండను తెర వెడల్పుకు తగ్గట్టు మడతలు పెడితే ఒక రూపం వస్తుంది. కాగితం వెడల్పుకు తగ్గట్టు పెడితే ఇంకో రూపం వస్తుంది. దండ ఒకటే, మడతలు రెండు రకాలు. ఈ మూడింటికీ పొత్తు కుదర్చడమే వర్డ్ ప్రాసెసర్ చేసే పని.

పెద్ద కంప్యూటర్లలో ఈ పొత్తు కుదిర్చే బాధ ఎవరూ పెట్టుకోలేదు. పనిని రెండు ముక్కలు చేసి ఊరుకున్నారు. రాయడానికి ఒక ప్రోగ్రాము, కాగితం మీద అందంగా అమర్చడానికి ఇంకోటి. 1964లో అమెరికాలోని ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ రాసిన రనాఫ్ ఈ రెండో రకానికి చెందింది. రాతలో అక్కడక్కడ చుక్కతో మొదలయ్యే ఆదేశాలు పెడితే, అచ్చువేసేటప్పుడు అది వాటిని చదివి పేరాలు, అంచులు సరిచేసేది. కాగితం బయటికి వచ్చేదాకా అది ఎలా ఉంటుందో చూసే దారి లేదు. అదే ఏడాది ఐబీఎం అయస్కాంత టేపు తగిలించిన సెలెక్ట్రిక్ టైపు మిషనును అమ్మకానికి పెట్టింది. వర్డ్ ప్రాసెసింగ్ అన్న మాట జనంలోకి వచ్చింది ఐబీఎం ప్రచారం వల్లనే. తర్వాత వాంగ్ వంటి కంపెనీల యంత్రాలు వచ్చాయి. అవన్నీ ఆఫీసుల సొత్తు, మామూలు మనిషి కొనగలిగిన ధరలు కావు.

ఇంటి కంప్యూటర్ వైపు నుంచి వచ్చిన మొదటి మనిషి మైఖేల్ ష్రేయర్. అంతకుముందు సినిమా, టీవీ రంగంలో పనిచేసి, కాలిఫోర్నియాలో స్థిరపడి, ఆల్టెయిర్ 8800 అనే కిట్టు కొనుక్కున్నాడు. 1975లో వచ్చిన ఆ యంత్రానికి సొంతంగా తెరా లేదు, కీబోర్డూ లేదు. ముందువైపు బుడిపెలు, చిన్న దీపాలు ఉండేవి. మిగతావి కొనేవారే సమకూర్చుకోవాలి. ష్రేయర్ దానికోసం ప్రోగ్రాములు రాసేవారి పనిముట్లను మెరుగుపరిచాడు. వాటికి వాడకందార్ల పుస్తకం రాయాల్సి వచ్చింది. కంప్యూటర్ ఎదురుగా ఉండగా టైపు మిషను ముందు కూర్చోవడం ఆయనకు నామోషీ అనిపించినట్టుంది. పుస్తకాన్ని కంప్యూటర్ మీదే రాయడానికి ఇంకో ప్రోగ్రాము తయారుచేశాడు. 1976 డిసెంబరులో ఎలక్ట్రిక్ పెన్సిల్ అన్న పేరుతో అది బయటికి వచ్చింది. ఇంటి కంప్యూటర్లకు మొదటి వర్డ్ ప్రాసెసర్ అదే. పంక్తి చివర మాట దానంతట అదే కిందికి దిగడం దాని వాడకందార్లు చూసిన మొదటి వింత.

ఆ తర్వాత ష్రేయర్‌కు అసలు చాకిరి మొదలైంది. ఒకరి దగ్గర ఉన్న తెర ఇంకొకరి దగ్గర లేదు, ఒకరి ప్రింటరు అర్థం చేసుకునే సంకేతాలు ఇంకో ప్రింటరుకు తెలియవు. ఈ తేడాలన్నిటినీ మధ్యలో నిలబడి సర్దే ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా అందరి ఇళ్లకూ చేరలేదు. అందుకని ప్రతి కలయికకూ ఒక్కో కూర్పు చొప్పున ఆయన 78 దాకా రకాలు తయారుచేయాల్సి వచ్చింది. అలసిపోయి చివరికి హక్కులు వేరేవారికి ఇచ్చేసి పక్కకు తప్పుకున్నాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు.

1977లో బజారులోకి వచ్చిన కంప్యూటర్లు కొనగానే పనిచేసేవే, కాని రాతకోసం పుట్టినవి కావు. రేడియో షాక్ దుకాణాలు అమ్మిన టీఆర్ఎస్-80ని చూడండి. దాని తెరమీద 16 వరుసలు, వరుసకు 64 అక్షరాలు, మొత్తం 1024 గళ్లు. ఒక్కో గడికి కనీసం 7 బిట్లు (బిట్టు అంటే 0 గానీ 1 గానీ పట్టే అతిచిన్న గది) ఉంటే తప్ప ఇంగ్లీషు పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాలు రెండూ, వాటితోపాటు అంకెలు, గుర్తులు పట్టవు. బొమ్మల గళ్లకోసం ఇంకో బిట్టు కావాలి. మొత్తం 8 బిట్లకు 8 మెమరీ చిప్పులు. ఖర్చు తగ్గించడానికి ఒక చిప్పు తీసేశారు. అంతే, తెరమీద చిన్నబడి మాయమైంది. ఏం రాసినా పెద్దబడిలోనే, అందరిమీదా అరుస్తున్నట్టు.

దీనికి విరుగుడు ఏమిటో తెలుసా? కంప్యూటర్ మూత విప్పి, ఉన్న మెమరీ చిప్పు వీపు మీద ఇంకో చిప్పును ఎక్కించి, రెండు కాళ్లు మాత్రం పైకి వంచి, మిగతా కాళ్లను కింది చిప్పు కాళ్లకు టంకం వేయడం. ఆ వంచిన కాళ్లకు తీగలు కట్టి, బోర్డు మీది గీతను కోసి, వాటిని కావలసిన చోటికి కలపడం. గ్యారంటీ పోతుందని తెలిసీ జనం చేశారు. ఎలక్ట్రిక్ పెన్సిల్‌లో చిన్నబడి కనిపించాలంటే అదే దారి. ఒక ఉత్తరం రాయడానికి ముందు టంకం కర్ర వేడిచేయాల్సిన రోజులవి.

ఆపిల్ 2 పరిస్థితీ అంతంతమాత్రమే. దాని కీబోర్డు చిన్నబడిని పంపదు, తెర చూపించదు. పాల్ లూటస్ రాసిన ఆపిల్ రైటర్ (1979) ఒక చిట్కా పన్నింది. మామూలుగా కనిపించే అక్షరాన్ని చిన్నబడి అనుకోవాలి, నలుపు తెలుపులు తారుమారై కనిపించే అక్షరాన్ని పెద్దబడి అనుకోవాలి. చదివేవారి కళ్లు ఆ లెక్కకు అలవాటుపడాల్సిందే. షిఫ్ట్ మీట ఉన్నా అది నొక్కిన సంగతి ప్రోగ్రాముకు తెలిసేది కాదు. అందుకని కొందరు ఆ మీట నుంచి ఒక తీగ లాగి, ఆటల కర్ర (జాయ్‌స్టిక్) తగిలించే సాకెట్లో గుచ్చేవారు. ఆటలో తుపాకీ పేలిందో లేదో కనిపెట్టే మార్గంలో షిఫ్ట్ నొక్కారో లేదో కనిపెట్టడమన్నమాట! ఇలాంటివి చదివినప్పుడు నాకు నవ్వు, గౌరవం రెండూ ఒకేసారి కలుగుతాయి. మన తెలుగులో పెద్దబడి చిన్నబడి గొడవ లేదని మురిసిపోవచ్చుగాని, మనకు అంతకన్నా పెద్ద గొడవ ఉంది. అది తర్వాత చెబుతాను.

అక్షరాలు కుదిరాక వెడల్పు సమస్య. టైపు కాగితం మీద అంగుళానికి 10 అక్షరాల చొప్పున, అంచులు వదిలాక సుమారు 65 అక్షరాలు ఒక పంక్తిలో పడతాయి. ఇంటి కంప్యూటర్లను తగిలించేది మామూలు టీవీకి. టీవీ బొమ్మలో సన్నని గీతలు స్పష్టంగా నిలబడవు, 40 అక్షరాలు దాటితే అలుక్కుపోతాయి. అందుకే ఆపిల్ 2 కానీ కమొడోర్ 64 కానీ వరుసకు 40 అక్షరాలే చూపేవి. సింక్లెయిర్ స్పెక్ట్రమ్ అయితే 32తో సరిపెట్టింది. కాగితం మీద ఒక పంక్తిగా రావాల్సింది తెరమీద రెండు ముక్కలవుతుంది. దండ ఒకటే, మడతలు రెండు రకాలన్న మాట ఇక్కడ నేరుగా ఎదురవుతుంది.

దీనికి ఎవరి పరిష్కారం వారు వెతుక్కున్నారు. కొన్ని ప్రోగ్రాములు తెరను కిటికీలా మార్చి, రాస్తున్నకొద్దీ కాగితాన్ని పక్కకు జరిపేవి. ఇంకొన్ని, కాగితం సంగతి అచ్చు సమయంలో చూసుకుందాం, ప్రస్తుతానికి తెరకు తగ్గట్టే మడతపెడదాం అనేవి. స్పెక్ట్రమ్ మీద టాస్‌వర్డ్ అనే ప్రోగ్రాము చేసిన పని నిజంగా సాహసం. ఆ తెరలో అడ్డంగా 256 చుక్కలు ఉంటాయి. టాస్‌వర్డ్ వరుసకు 64 అక్షరాలు ఇరికించింది. అంటే ఒక్కో అక్షరానికి 4 చుక్కల వెడల్పు, అందులో ఒకటి పక్క అక్షరానికి ఎడం. మిగిలిన 3 చుక్కల్లో ఇంగ్లీషు ఎమ్ అక్షరాన్ని గీయమంటే ఎలా గీస్తారు? ఎలాగో గీశారు. దానితో రాసినవారి కళ్లద్దాల సంగతి నేను చెప్పలేను.

వెడల్పు సమస్య లోపల ఇంకో ముడి ఉంది. అది తేలికగా కనబడదు. బ్రిటన్‌లో చాలా బడులకు చేరిన బీబీసీ మైక్రో 80 అక్షరాల వరుసను చక్కగా చూపగలదు. మరి బాధేమిటంటే, తెరమీది బొమ్మ కూడా అదే మెమరీలో కూర్చోవాలి. ఆ యంత్రానికి ఉన్నది 32 కిలోబైట్లు (ఒక కిలోబైటులో సుమారు వెయ్యి అక్షరాలు పడతాయి). 80 అక్షరాల వరుసలు చూపే తెర అందులో 16 కిలోబైట్లు మింగేస్తుంది. 40 అక్షరాల టెలిటెక్స్ట్ తెర ఒక్క కిలోబైటుతో సరిపెట్టుకుంటుంది. డిస్కు తగిలించుకున్న యంత్రంలో సొంత అవసరాలు పోగా రాతకు మిగిలేది మొదటి పద్ధతిలో సుమారు 10 కిలోబైట్లు, రెండో పద్ధతిలో సుమారు 25. అంటే కాగితం లాంటి తెర కావాలంటే అయిదు పేజీల వ్యాసం, తెర ఎలా ఉన్నా ఫరవాలేదనుకుంటే పన్నెండు పేజీల వ్యాసం. చూడ్డానికీ రాయడానికీ మధ్య బేరం ఇంత నిక్కచ్చిగా ఇంకెక్కడా కనబడదు.

చార్లెస్ మోయిర్ రాసిన వర్డ్‌వైజ్ ఈ బేరంలో రాతవైపు మొగ్గింది. ప్రోగ్రాము డిస్కులో కాకుండా ఒక చిప్పులో ఉండేది, యంత్రంలోని సాకెట్లో గుచ్చితే మెమరీని తినకుండా పనిచేసేది. 40 అక్షరాల తెరమీద మాటలు తెల్లగా, అచ్చుకు సంబంధించిన ఆదేశాలు ఆకుపచ్చగా కనిపించేవి. ఒక మీట నొక్కితే ఆకుపచ్చ సిరా, ఇంకో మీట నొక్కితే మళ్లీ తెల్లసిరా. కాగితం మీద ఎలా వస్తుందో చూడాలనుకుంటే రాయడం ఆపి, మెనూలోకి వెళ్లి, 80 అక్షరాల నమూనాను అడగాలి. ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తే ఇదే మంచి పద్ధతేమో. రాసేటప్పుడు మాటల మీద, చూసేటప్పుడు అందం మీద దృష్టి పెట్టవచ్చు.

తెర సంగతి తేలినా మధ్యలో ఒక్క అక్షరం చొప్పించడం చిన్న విషయం కాదు. పూసల దండ మధ్యలో కొత్త పూస గుచ్చాలంటే దాని తర్వాతి పూసలన్నీ ఒక్కో అడుగు జరగాలి. ఆపిల్, కమొడోర్‌లలోని 6502 ప్రాసెసర్ సెకనుకు సుమారు పది లక్షల చిన్న అడుగులు వేస్తుంది. ఒక అక్షరాన్ని తీసి పక్క గడిలో పెట్టి, లెక్క సరిచూసి, మళ్లీ మొదటికి రావడానికి సుమారు 16 అడుగులు పడుతుంది. కర్సర్ తర్వాత 20,000 అక్షరాలు ఉన్నాయనుకుందాం. ఒక్క మీట నొక్కితే 3,20,000 అడుగులు, అంటే సెకనులో మూడో వంతు. చురుగ్గా టైపు చేసేవారు అంతలో ఇంకో రెండు అక్షరాలు కొట్టేసి ఉంటారు. అవి ఎక్కడికి పోవాలి?

ప్రోగ్రాములు రాసేవారు దీనికి రెండు ఉపాయాలు వాడారు. ఒకటి, కర్సర్ ఉన్నచోట ముందే పెద్ద ఖాళీ వదలడం. కర్సర్ ముందటి మాటలు మెమరీలో ఒక చివర, వెనకటివి ఇంకో చివర ఉంటాయి. కొత్త అక్షరాలు మధ్య ఖాళీలో పడతాయి, ఎవరూ జరగనక్కర్లేదు. కర్సర్ దూరంగా వెళ్లినప్పుడు మాత్రం ఆ ఖాళీని అక్కడికి మోసుకెళ్లాలి. రెండోది ఇంకా తెలివైనది. రాసిన దానిని అసలు కదపకుండా, కొత్తగా చేర్చినవన్నీ వేరేచోట రాసి, ఫలానా ముక్క తర్వాత ఫలానా ముక్క చదువుకోవాలి అన్న పట్టికను మాత్రం మార్చడం. జిరాక్స్ పరిశోధన కేంద్రంలో 1974 ప్రాంతంలో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ తయారుచేసిన బ్రావో ఈ పద్ధతినే వాడింది. సిమోనీ తర్వాత మైక్రోసాఫ్ట్‌కు వెళ్లినప్పుడు ఆ ఆలోచన ఆయన వెంటే వర్డ్‌లోకి నడిచి వెళ్లింది.

ఇప్పుడు వర్డ్‌స్టార్ దగ్గర కాసేపు కూర్చోవాలి. సేమర్ రూబిన్‌స్టీన్ 1978లో మైక్రోప్రో కంపెనీ పెట్టి, రాబ్ బార్నబీ అనే ప్రోగ్రామర్‌ను పెట్టుకున్నాడు. రూబిన్‌స్టీన్‌కు అమ్మడం తెలుసు, కొనేవారు ఏం అడుగుతున్నారో వినడం తెలుసు. బార్నబీకి టైపు చేయడం తెలుసు, 8080 చిప్పు భాష తెలుసు. వీరిద్దరి కలయికతో 1979లో బజారుకు వచ్చిన వర్డ్‌స్టార్, పేజీ ఎక్కడ ముగుస్తుందో తెరమీదే అడ్డగీత గీసి చూపింది. అంచులు రెండూ సరిసమానంగా ఉన్న పేరాను తెరమీదే అలా చూపింది. ఇంటి కంప్యూటర్‌లో రాసేదీ అచ్చయ్యేదీ దాదాపు ఒకేలా కనబడటం అప్పటికి కొత్త.

అప్పటి చాలా కీబోర్డుల మీద బాణాల మీటలు లేవు. బార్నబీ కంట్రోల్ మీటతో పాటు ఇ నొక్కితే పైకి, ఎక్స్ నొక్కితే కిందికి, ఎస్ ఎడమకు, డి కుడికి అని పెట్టాడు. కీబోర్డు వైపు చూస్తే ఆ నాలుగు అక్షరాలూ ముగ్గు చుక్కల్లా చతురస్రంగా కుదురుతాయి. చెయ్యి కదలదు, వేళ్లే కదులుతాయి. నాకు ఇంకా నచ్చేది దాని మర్యాద. కంట్రోల్‌తో కె నొక్కి, తర్వాత ఏం నొక్కాలో గుర్తురాక ఆగితే, కొద్దిసేపటికి మెనూ ప్రత్యక్షమవుతుంది. గుర్తుండి చకచకా నొక్కేస్తే మెనూ రానే రాదు. తెలిసినవారిని విసిగించకూడదు, తెలియనివారిని వదిలేయకూడదు అన్న ఇంగితం నేటి సాఫ్ట్‌వేర్లలో ఎన్నింటికి ఉంది? కొలంబోలో స్థిరపడిన సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ దీని మీదే రాశారు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్, డాస్ అనే పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్ మీద వర్డ్‌స్టార్ 4తోనే రాస్తానని బహిరంగంగా చెప్పుకున్నారు.

ఇక మన ప్రశ్న దగ్గరికి వద్దాం. పంక్తి చివర ప్రోగ్రాము తెంచిన చోటు వేరు, మనిషి ఎంటర్ నొక్కి తెంచిన చోటు వేరు. మొదటిది తాత్కాలికం, పేరాలో ఒక మాట చేర్చితే మారిపోతుంది. రెండోది శాశ్వతం, పేరా ముగిసిందని అర్థం. ఈ రెండింటినీ ఒకే గుర్తుతో దాచితే తర్వాత వేరుచేయడం అసాధ్యం. వర్డ్‌స్టార్ ఏం చేసిందంటే, మనిషి నొక్కిన దానికి 13 అన్న మామూలు సంకేతం, తాను తెంచినదానికి 13కు 128 కలిపి 141 అన్న సంకేతం పెట్టింది. ఇంగ్లీషు అక్షరాలకు వాడే ఆస్కీ పద్ధతిలో 7 బిట్లే చాలు, బైటులో ఎనిమిదో బిట్టు ఖాళీగా పడి ఉంటుంది. ఆ ఖాళీ గదిని వర్డ్‌స్టార్ అద్దె లేకుండా ఆక్రమించింది.

అక్కడితో ఆగలేదు. ప్రతి మాటలో చివరి అక్షరానికి కూడా ఆ ఎనిమిదో బిట్టు తగిలించేది. ఎందుకంటే ఆనాటి డెయిజీ వీల్ ప్రింటర్లు (చక్రం రేకుల మీద అక్షరాలుండేవి) అంగుళంలో 120వ వంతు చొప్పున జరగగలవు. అంచులు సమంగా రావడానికి మాటల మధ్య ఎడాన్ని అంత సన్నగా పంచాలంటే మాట ఎక్కడ ముగుస్తోందో అచ్చువేసే భాగానికి చటుక్కున తెలియాలి. దీని ఫలితం విచిత్రంగా ఉండేది. వర్డ్‌స్టార్ ఫైలును డాస్‌లో నేరుగా తెరిచి చూస్తే మాటలన్నీ బాగానే ఉండి, ఒక్కోదాని చివర మాత్రం ఒక గ్రీకు అక్షరమో, జర్మన్ అక్షరమో, గీతల ముక్కో తగిలి ఉండేది. చిన్న ఎ 97 కాబట్టి, 128 కలిస్తే 225. ఐబీఎం పీసీ తెరమీద ఆ 225 జర్మన్ ఎస్‌లా కనిపించేది. వైరస్ పట్టిందని కంగారుపడినవారు కూడా ఉండే ఉంటారు.

ఇంత చేసినా వర్డ్‌స్టార్ ఒక పనికి వెనుకాడింది. పేరా మధ్యలో మాట చేర్చితే మిగతా పంక్తులను తనంతట తానుగా సర్దేది కాదు. మార్పులన్నీ చేశాక కంట్రోల్‌తో బి నొక్కాలి, అప్పుడు పేరా మళ్లీ మడతలు పడుతుంది. ప్రతి మీటకూ పేరా అంతా సర్దుతూ కూర్చుంటే ఆనాటి ప్రాసెసర్ టైపు వేగాన్ని అందుకోలేదు మరి. అందుకే వర్డ్‌స్టార్ వాడినవారికి కంట్రోల్-బి ఊతపదంలా వేళ్లకు అంటుకుపోయింది.

ఖరీదైన వర్డ్‌స్టార్ ఇలా ఉండగా, 1984 జనవరిలో కమొడోర్ వాడేవారి పత్రిక కంప్యూట్స్ గెజిట్ తన పాఠకులకు ఏకంగా ఒక వర్డ్ ప్రాసెసర్‌ను పేజీల్లో అచ్చువేసి ఇచ్చింది. ఛార్లెస్ బ్రానన్ రాసిన దాని పేరు స్పీడ్‌స్క్రిప్ట్. డిస్కు కాదు, అంకెలు! పేజీల నిండా మూడంకెల సంఖ్యలు, వరుసకు ఆరు, చివర సరిచూసుకునే ఏడో సంఖ్య. ఒక సంఖ్య తప్పు కొడితే ఏడోదానితో లెక్క కుదరక యంత్రం వెంటనే అభ్యంతరం చెప్పేది. ప్రోగ్రాము మొత్తం అయిదారు కిలోబైట్లు. అంటే వెయ్యికి అటూ ఇటూ వరుసలు వేళ్లతో కొట్టాలి. వర్డ్ ప్రాసెసర్ సంపాదించడానికి ముందు అంత టైపు చేసినవారికి టైపింగులో ఇంక నేర్చుకోవాల్సింది ఏం మిగిలిందో!

పిల్లలకోసం 1982లో వచ్చిన బ్యాంక్ స్ట్రీట్ రైటర్ మరో దారి పట్టింది. రాసేటప్పుడు రాయడమే, దిద్దాలంటే ఎస్కేప్ నొక్కి దిద్దే గదిలోకి వెళ్లాలి, కర్సర్ అక్కడే కదులుతుంది. పెద్దవారు దానిని వెక్కిరించారుగాని బడిపిల్లలకు ఆ స్పష్టత బాగా నచ్చింది. బ్రిటన్‌లో 1985లో ఆమ్‌స్ట్రాడ్ పీసీడబ్ల్యూ వచ్చింది. పన్నులు కాక 399 పౌండ్లకు కంప్యూటరు, ఆకుపచ్చ తెర, డిస్కు, ప్రింటరు, లోకోస్క్రిప్ట్ అనే వర్డ్ ప్రాసెసర్ అన్నీ ఒకే పెట్టెలో. తెర వెడల్పు 90 అక్షరాలు, కాగితానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. లోపల ఉన్నది అప్పటికే పాతబడిన జెడ్80 చిప్పే. రచయితలకు చిప్పుతో పనేముంది? ప్రింటరు సంకేతాల బెడద తప్పింది, అదే పదివేలు.

1984లో మెకింటాష్‌తో వచ్చిన మ్యాక్‌రైట్ తెర, కాగితం మధ్య గోడను కూలగొట్టింది. అచ్చులో ఏ అక్షరం ఎంత లావో తెరమీదా అంతే. అలాంటి తెరలో ఐ సన్నగా, ఎమ్ వెడల్పుగా ఉంటాయి కాబట్టి పంక్తిలో 65 అక్షరాలన్న లెక్క చెల్లదు. ప్రతి అక్షరం వెడల్పూ చుక్కల్లో కొలిచి కూడాలి. ఆ అందానికి మూల్యం మళ్లీ మెమరీయే. 128 కిలోబైట్ల మొదటి మ్యాక్‌లో రాతంతా మెమరీలోనే పట్టాలి కనుక ఎనిమిది, పది పేజీలు దాటగానే మ్యాక్‌రైట్ చేతులెత్తేసేది. బీబీసీ మైక్రోలో చూసిన బేరమే కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది.

మన దగ్గరికి వస్తే, 1980ల చివర, 90ల మొదట్లో హైదరాబాదు అమీర్‌పేట మొదలుకొని చిన్న పట్టణాల వరకు కంప్యూటర్ శిక్షణ కేంద్రాల బోర్డుల మీద మూడు పేర్లు కనబడేవి. వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్. టైపు మిషనుతో పెరిగిన వేళ్లు వర్డ్‌స్టార్ దగ్గర ఎంటర్ అలవాటును వదిలించుకోవడం నేర్చుకున్నది అక్కడే. కాని అదంతా ఇంగ్లీషు రాత. తెలుగు రాయాలంటే?

ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సి-డాక్ చేతుల్లో ఎదిగిన జిస్ట్ పరిజ్ఞానం దీనికి జవాబు వెతికింది. పీసీలో ఒక కార్డు గుచ్చితే, ఇంగ్లీషు అక్షరాలకోసం తయారైన డాస్ ప్రోగ్రాములు తెలుగుతో సహా భారతీయ లిపులను తెరమీద చూపగలిగేవి. అందులో వాడిన ఇస్కీ సంకేత పద్ధతి 1991లో భారత ప్రమాణంగా స్థిరపడింది. ఆస్కీ గుర్తులను కదపకుండా మన అక్షరాలకు చోటు ఎక్కడ దొరుకుతుంది? ఎనిమిదో బిట్టు తగిలించిన పై సగంలోనే. ఇస్కీలో మన అక్షరాలు 161 దగ్గర మొదలవుతాయి. వర్డ్‌స్టార్ మాట చివరి గుర్తుకు ఆక్రమించిన గది కూడా అదే. ఒకే గదికి ఇద్దరు అద్దెదార్లు. ఎనిమిదో బిట్టును సొంత గుర్తుగా భావించే పద్ధతిలో, అదే బిట్టుతో బతికే లిపి ఇమడదు.

ఇంతకుముందు దాచిపెట్టిన పెద్ద గొడవ ఇదొక్కటే కాదు. స్త్రీ అన్న మాట తీసుకోండి. కంటికి ఒకే అక్షరం. మెమరీలో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం గుర్తు, మొత్తం ఆరు పూసలు. తొలి వర్డ్ ప్రాసెసర్లన్నీ ఒక పూస అంటే తెరమీద ఒక గడి అన్న నమ్మకం మీద కట్టినవి. ఇంగ్లీషువారికి మెమరీలో పంక్తి లేదు, అంతే. మనకు కంటికి కనిపించే అక్షరం కూడా మెమరీలో లేదు. ఒత్తులు కిందికి దిగి, గుడులు పైకి లేచే లిపిని టాస్‌వర్డ్ 3 చుక్కల వెడల్పులో ఊహించండి. పంక్తి ఎక్కడ తెగాలని అడిగేముందు, అక్షరం ఎక్కడ తెగకూడదని అడగాల్సి వస్తుంది. పొల్లు తర్వాత విరిస్తే ఒత్తు కింది పంక్తిలో అనాథగా కూర్చుంటుంది.

ఇప్పటికీ ఏదైనా పీడీఎఫ్ తెరిచి ఒక పేరాను కాపీ చేసి వేరేచోట అతికించి చూడండి. చాలాసార్లు ప్రతి పంక్తీ సగంలో తెగి, పేరా అంతా మెట్లు మెట్లుగా పడుతుంది. 13కూ 141కీ మధ్య వర్డ్‌స్టార్ గీసిన తేడా ఆ ఫైలులోకి వెళ్లేటప్పుడు ఎక్కడో జారిపోయింది. యంత్రం తెంచిన చోటేదో, మనిషి తెంచిన చోటేదో చెప్పే గుర్తు లేదు. ఇక చేసేదేముంది, పంక్తి చివరికి వెళ్లి డిలీట్ నొక్కడం, తర్వాతి పంక్తి చివరికి వెళ్లి మళ్లీ డిలీట్ నొక్కడం.